పథ్యం లేదన్న మాట

రాజాంలో జగన్నాధం డాక్టరుగారి చేత తిట్లు తినని కుటుంబం ఆ రోజుల్లో లేదనే చెప్పాలి. జ్వరం తగిలిన మర్నాడు రాకుండా వారం పోయాక వచ్చినందుకు తిట్టేవాడు. పిల్లాడు రెండు తుమ్ములు తుమ్మగానే ఎత్తుకుని పరిగెత్తుకొచ్చినందుకూ తిట్టేవాడు. అయినా చుట్టుపక్కల పల్లెల వాళ్ళు ఆయన్ని కాదని ఇంకొకరి గడప తొక్కలేదు. ఆయన చదివింది పాతకాలపు డాక్టరీ చదువు ఎల్.ఎం.పి. పెంకుటింటి ముందుగదే ఆసుపత్రి. రెండు బల్లలు, ఒక తెర, వరండాలో ఒక పొడుగాటి బెంచీ, అంతే సరంజామా. ఏ ఇంట్లో ముసలాయనకి ఆయాసమో, ఏ కోడలు ఎందుకు తిండి మానేసిందో, ఎవరి కడుపునొప్పికి కారణం కడుపులో లేదో ఆయనకి తెలుసు. రోగాన్ని చూడ్డానికి పెద్దాసుపత్రులున్నాయి, మనం చూడాల్సింది ఇంటిని అనేవాడు.

ఆయనకున్న బెంగల్లా ఒక్కటే. తన తరవాత ఆ కుర్చీలో కూర్చునేదెవరు? అరవై దాటాయి. నాలుగు మెట్లెక్కితే గుండె పట్టేస్తోంది. అందుకని విశాఖపట్నంలో చదువు ముగించిన కుర్ర డాక్టర్లని బతిమాలి తెచ్చుకుని ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టి పని నేర్పేవాడు. ఆ నేర్పడం మాత్రం వాళ్ళకి వింతగా ఉండేది. మొదటి నెల స్టెతస్కోపు ముట్టుకోనిచ్చేవాడు కాదు. బెంచీ మీద రోగుల మధ్య కూర్చుని, వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు ఏం చెప్పుకుంటారో వినాలి. డాక్టరుకి చెప్పేది వేరు, బెంచీ మీద చెప్పుకునేది వేరు అని ఆయన సిద్ధాంతం. ఆ తరవాత ఇళ్ళకి తిప్పేవాడు. నీళ్ళు ఎక్కడినించి తెచ్చుకుంటారో, పొయ్యి పొగ ఎటు పోతుందో, ఆ ఇంట్లో అత్త మాట చెల్లుతుందో కోడలి మాట చెల్లుతుందో చూసి రమ్మనేవాడు. నాడి పట్టడం ఆ పైన. కుర్రాళ్ళు లోపల్లోపల నవ్వుకుని, కొన్నాళ్ళుండి, పై చదువులంటూ వెళ్ళిపోయేవాళ్ళు. లోకాన్నంతా తిట్టే మనిషి, వాళ్ళని మాత్రం ఒక్క మాట అనలేక బస్సెక్కించి వచ్చేవాడు.

పంతొమ్మిది వందల అరవై ఏడులో సుభద్ర వచ్చింది. కొత్తవలస రైల్వే గార్డుగారి అమ్మాయి. ఆడపిల్ల ఈ పల్లెల్లో ఏం తిరుగుతుందండీ అన్నవాళ్ళని జగన్నాధం గట్టిగా తిట్టాడు. తనకీ ఆ సందేహమే ఉంది కాబట్టి మరింత గట్టిగా తిట్టాడు. ఆ అమ్మాయి బెంచీ మీద నెల్లాళ్ళు నోరు మూసుకుని కూర్చుంది. రెండో నెలకల్లా ఆడవాళ్ళు ఆయన్ని దాటుకుని ఆమె దగ్గరికే పోయేవాళ్ళు. ఆయన ఇన్నేళ్ళుగా అడగలేకపోయినవన్నీ ఆమె అడిగేది, వాళ్ళు చెప్పేవాళ్ళు. ఆయనకి కాస్త ఈర్ష్య కలిగిన మాట నిజమే. దాన్ని మించి ప్రాణం కుదుటపడింది. ఈ పిల్ల నిలుస్తుంది అనుకున్నాడు.

నిలవడమే కాదు, ఎదురు వాదించేది కూడా. విషజ్వరం, అదే టైఫాయిడ్, వచ్చినవాళ్ళకి లంఖణాలు పెట్టించి గంజినీళ్ళ మీద ఉంచడం ఆయన పాత అలవాటు. అలా మాడిస్తే జ్వరం కంటే ముందు ఆకలే చంపుతుంది మాస్టారూ, తిండి పెట్టాలి అని ఆమె. నాలుగు రోజులు అన్నాల దగ్గర ఇదే గొడవ. చివరికి, "సరేలేవే, పెట్టి చూడు. నీ చదువు కొత్తది" అని ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం ఆయనకి అలవాటు లేని పని కాబట్టి ఆ పూట మజ్జిగ కూడా పోసుకోకుండా లేచిపోయాడు.

మరుసటి ఏడు ఊడుపుల ముందు మెట్టవలస నించి సోములు అనే రైతు పెళ్ళాన్ని బండిలో పడుకోబెట్టి తెచ్చాడు. పేరు చిన్నతల్లి. రెండేళ్ళ ఆడపిల్ల తల్లి. ఒంటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. విషజ్వరమే. సుభద్ర ఆ కేసుని తన చేతుల్లోకి తీసుకుంది. జట్కా మీద రోజూ ఆ ఊరు వెళ్ళి చూసి వచ్చేది. మందు పనిచేసింది, జ్వరం దిగింది. దిగాక చిన్నతల్లిని అత్త జగ్గమ్మ రాజాం తీసుకొచ్చింది. మనిషి చిక్కి సగమైంది, చూడ్డానికి కళ్ళే మిగిలాయి. సుభద్ర నాడి చూసి, నాలుక చూసి, చెంప మీద చెయ్యి వేసి నవ్వింది.

"ఈమెకి పథ్యం ఏమీ లేదమ్మా. ఏది అడిగితే అది పెట్టండి. ఉన్న మందు అయ్యేదాకా మింగించండి. ఇంక ఇంత దూరం తీసుకురానక్కర్లేదు."

జగ్గమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "సల్లని నోరు తల్లీ నీది" అంది. కోడల్ని పొదివి పట్టుకుని బండెక్కించింది.

పక్క బల్ల దగ్గర కూర్చున్న జగన్నాధం ఆ మాటలన్నీ విన్నాడు. విని సంతోషించాడు కూడా. గెలిచావే అమ్మాయీ అని మనసులో అనుకున్నాడు.

రెండు వారాలు దాటాయేమో. సంత రోజు. వరండా కిటకిటలాడుతోంది. సోములు వచ్చి బెంచీ మీద కూర్చోకుండా, తువ్వాలు చేతిలో నలుపుకుంటూ గుమ్మం పక్కన నిలబడ్డాడు. జగన్నాధం పిలిచి ఏమిటని అడిగాడు.

"బాబూ, అడగొచ్చో అడక్కూడదో తెల్దు." సోములు గొంతు తగ్గించాడు. "మా ఇంటిది ఇంకా ఉన్నాది. ఇంకెన్నాళ్ళు పడతాదో సెప్తారేటని. ఊడుపులొదిలేసి సుట్టాలు కూకున్నారు. ఎల్లమని సెప్పనేను, ఉండమని సెప్పనేను. దానికీ బాధగానే ఉన్నాది."

జగన్నాధానికి ముందు అర్థం కాలేదు. "దేనికి ఎన్నాళ్ళురా?"

"అదే బాబూ. పోడానికి."

పక్క బల్ల దగ్గర సుభద్ర చేతిలో ఉన్న గాజు సిరంజి ట్రేలో పడింది. ఆమె లేచి అప్పటికే సంచీ సర్దుతోంది. బెంచీ మీద వాళ్ళని కాంపౌండరు అప్పలసూరికి అప్పగించి, సోముల్ని వెంటబెట్టుకుని ఇద్దరూ దొరికిన జట్కా ఎక్కారు.

మెట్టవలసలో ఆ ఇంటి వాకిలి నిండా మనుషులే. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. చావిట్లో నులకమంచం మీద చిన్నతల్లికి పెళ్ళినాటి పసుపు చీర కట్టి, తల దువ్వి, పూలు పెట్టారు. పక్కన పీట మీద చేపల పులుసు, బూరెలు, పనసతొనలు. దేన్నీ ఆమె సరిగా ముట్టినట్టు లేదు. జ్వరం మళ్ళీ వచ్చి పడింది. పెదవులు ఎండి చిట్లిపోయాయి. మెళ్ళో పుస్తెలు తప్ప ఒంటి మీద నగ ఏదీ లేదు. ముక్కుపుడక సైతం తీసి ఎవరికో ఇచ్చేసింది. పిల్ల ఎక్కడా అంటే, సాలూరు నించి వచ్చిన చిన్నతల్లి అక్క కూర్మమ్మ చంకలో ఉంది. కూర్మమ్మకి పిల్లల్లేరు.

జగ్గమ్మ ఎదురొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి, అయినా మర్యాద తప్పలేదు. "ఏ లోటూ సెయ్యనేదు బాబూ. డాట్రమ్మ సెప్పినట్టే అడిగిందల్లా పెట్టినాం. పనసపండంటే బొబ్బిలి దాకా పోయి తెచ్చినాడు మావోడు."

"మందో?" అంది సుభద్ర.

"అది మింగితే వికారం అంతాది తల్లీ. పోయే పానాన్ని ఎందుకు ఇంస పెట్టడం అని మానిపించేసినాం."

"పోతుందని ఎవరు చెప్పారు మీకు?"

జగ్గమ్మ తెల్లబోయింది. "నువ్వే కదమ్మా. పత్తెం నేదు, అడిగింది పెట్టండి, ఇంక తేవొద్దు అన్నావు." తరవాత జగన్నాధం వైపు తిరిగి, సాక్ష్యం చెప్పమన్నట్టు అంది. "మా మావకి బాబు ఇలాగే సెప్పినారు, నాలుగో రోజు పోనాడు. మా సిన్నోడికీ ఇలాగే సెప్పినారు. మా అప్పకీ. ఈ సుట్టుపట్ల ఏ పిల్లగుంటనడిగినా సెప్తాది, డాట్రు పత్తెం నేదన్నాడంటే ఏటో."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. అని ఉంటే ఆయన తట్టుకునేవాడేమో. ఆ మాటలో ఆయన దయ గురించి మెచ్చుకోలు ఉంది. ముప్పై ఏళ్ళుగా, చెయ్యి దాటిపోయిన మనిషి మంచం దగ్గర నిలబడి, ఇంక లాభం లేదని చెప్పడానికి నోరు రాక, ఆయన వాడుతూ వచ్చిన మాట అది. పథ్యం లేదమ్మా, ఏది అడిగితే అది పెట్టండి. చెప్పి, గొడుగు తీసుకుని, వెనక్కి చూడకుండా వచ్చేసేవాడు. ఆ మాటకి ఈ పల్లెల్లో ఆ అర్థం తెచ్చిపెట్టింది ఆయనే. అన్నీ నేర్పాననుకున్న పిల్లకి అదొక్కటీ నేర్పలేదు. పైగా ఆ పిల్ల నోట అదే మాట తన చెవులారా విన్నాడు, అది తనదేనని గుర్తుపట్టలేదు. చావు ఇళ్ళలో గొంతు తగ్గించి అనే మాట, పట్టపగలు నవ్వుతూ అనేసరికి ఆయనకి వేరే మాటలా వినబడింది. ఛీ, ఏం బతుకు నాది అనుకున్నాడు.

"జగ్గమ్మా, పొరపాటు జరిగింది" అన్నాడు. "నీ కోడలికి ఏం భయం లేదు. బతుకుతాది. నా మాట విను."

మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు అన్నాడు. సిగ్గుతో కుంగిపోయి ఉన్న మనిషికి గొంతు ఎలా లేస్తుంది? వాకిట్లో వాళ్ళందరూ తలలు వంచుకున్నారు. సోములు తువ్వాలుతో మొహం తుడుచుకుని, "మీ దయ బాబూ" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఎలా నమ్ముతారు? బతికేవాళ్ళ ఇంట్లో ఆయన తిడతాడు. తిట్టకుండా మాట్లాడుతున్నాడంటే ఏమిటో ఆ ఊరందరికీ తెలుసు. ఓదార్పు మాటలు వాళ్ళు ఆయన దగ్గర ఎన్నిసార్లు వినలేదు. ఆయన ఇంకో రెండుసార్లు చెప్పబోయాడు. చెప్పినకొద్దీ జగ్గమ్మ ఏడుపు ఎక్కువైంది.

అప్పటిదాకా చిన్నతల్లి పొట్ట ఒత్తి చూస్తున్న సుభద్ర లేచింది. పొట్ట మెత్తగానే ఉంది, పేగు పాడవలేదు. ఇంకా వేళ మించలేదు. ఆమె పీట మీద ఉన్న గిన్నెలవైపు చూసింది. ఇన్నాళ్ళలో ఒకరిని కసరడం ఎవరూ వినని ఆ అమ్మాయి, చావిడి దద్దరిల్లేలా అరిచింది.

"ఈ చేపలెవరు పెట్టారు దీనికి? తీయండి. ముందు ఇవన్నీ తీయండి ఇక్కణ్ణించి. ఇప్పట్నించి పథ్యం. చేప లేదు, చింతపండు లేదు, వంకాయ లేదు, గోంగూర మాట ఎత్తకూడదు. మెత్తటి జావ, పాలు, పలచగా మజ్జిగ, నేను చెప్పిన వేళకే. ఈ చీర విప్పి పాత గుడ్డ కట్టండి. తలలో పూలు తీసేయండి. ఎవరైనా దొంగతనంగా ఏమైనా పెట్టారో, ఈ ఇంటి గడప మళ్ళీ తొక్కను."

జగ్గమ్మ ఏడుపు ఆపి ముందుకొచ్చింది. "ఎన్నాళ్ళు తల్లీ పత్తెం?" ఆ అడగడంలో ఆమె గొంతే మారిపోయింది.

"రెండు నెలలు."

"రెండు నెలలా" అంది జగ్గమ్మ. "రెండు నెలలు పత్తెం అంట" అని వెనక్కి తిరిగి అందరికీ చెప్పింది. చుట్టాల్లో ఎవరో గట్టిగా ఏడ్చేశారు. అంతదాకా గుమ్మం దాటి లోపలికి రాలేకపోయిన సోములు వచ్చి, చేపల గిన్నె స్వయంగా ఎత్తుకుపోయి దొడ్లో పారబోశాడు. మంచం మీద చిన్నతల్లి కళ్ళు తెరిచింది.

"ఆవకాయ?" అంది.

"ఆ ఆశే పెట్టుకోకు" అంది సుభద్ర.

చిన్నతల్లి కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. ఆవకాయ లేదన్నందుకు అంత సంతోషించిన మనిషిని జగన్నాధం తన సర్వీసులో చూడలేదు. సుభద్ర చెప్పిన పథ్యంలో సగం వైద్యానికి సంబంధం లేనిదని ఆయనకి తెలుసు. నోరెత్తలేదు.

తిరిగొచ్చేటప్పుడు జట్కాలో సుభద్ర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన ఆపలేదు. రాజాం పొలిమేర దగ్గర అడిగింది.

"మాస్టారూ, పోతారన్నప్పుడు పోతారనే చెప్పొచ్చు కదా. ఈ డొంకతిరుగుడు మాట ఎందుకు పెట్టుకున్నారు?"

"నోరు రాలేదమ్మా" అన్నాడు. "దయ అనుకున్నాను. నిజానికి పిరికితనం. నువ్వు వెళ్ళిపోతానంటే నేను ఆపను. తప్పు నీది కాదని మీ నాన్నకి నేనే చెబుతాను."

"చిన్నతల్లి లేచేదాకా ఎక్కడికీ వెళ్ళను" అంది. ఆ తరవాత సంగతి ఎత్తలేదు. ఆయన కూడా అడగలేదు, అడిగే ధైర్యం లేక.

చిన్నతల్లి లేవడం తేలిగ్గా జరగలేదు. మధ్యలో ఒక వారం ఆశ వదులుకున్న రోజులున్నాయి. సుభద్ర ఆ ఇంట్లోనే ఉండిపోయి, జగ్గమ్మ పక్కనే చాప వేసుకుని పడుకుంది. జావ ఆమె కలిపితే జగ్గమ్మ పట్టించేది. ఆ వారంలోనే ఒక పూట జగ్గమ్మ సూటిగా అడిగింది, ఉంటాదా పోతాదా అని. జగన్నాధం అప్పుడక్కడే ఉన్నాడు. పాత మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "తెలీదు జగ్గమ్మా. పోవచ్చు కూడా. ఉండేటట్టు చూస్తన్నాం" అన్నాడు. అంతే, ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఆయనకి గుండె పట్టేసినంత పనైంది. జగ్గమ్మ, "అలాగైతే నేను నిద్దరోను" అని లేచి వెళ్ళి కోడలి కాళ్ళ దగ్గర కూర్చుంది. చెబితే విరిగిపోతారనుకుని ముప్పై ఏళ్ళు దాచాడు ఆయన. మనుషులు విరగలేదు.

జ్వరం దిగి, మళ్ళీ రాలేదు.

ఆ తరవాతే రాజాం ఆసుపత్రిలో కొత్త పద్ధతి ఒకటి మొదలైంది. మందు తీసుకుని లేచిన ప్రతి మనిషినీ గుమ్మం దగ్గర ఆపి, "ఇంటికెళ్ళి ఏటని సెప్తావు? నాకు సెప్పి ఎళ్ళు" అని అడగడం. సుభద్ర పెట్టింది, ఆయన పట్టుకున్నాడు. మొదట్లో జనం, పాపం బాబుకి మతిమరుపొచ్చింది, తను చెప్పిందే మనల్ని అడుగుతున్నాడు అని బెంచీ మీద చెప్పుకుని నవ్వుకున్నారు. నవ్వుతూనే చెప్పారు. వాళ్ళు చెప్పింది వింటుంటే జగన్నాధానికి భయం వేసేది. తన నోట బయల్దేరిన మాట గుమ్మం దాటేలోగానే ఎన్ని రకాలుగా మారిపోతోందో. పూటకి అంటే ఒకరికి రోజుకి, ఒకరికి భోజనానికి. ఒంటికి రాసుకోమన్న మందు తాగుతానన్నవాడొకడు. ఇన్నేళ్ళలో ఇలా ఎంతమంది ఏం వినిపోయారో అనుకుని, ఒక్కోరోజు అన్నం సహించక లేచిపోయేవాడు. మరుసటి ఏడు కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరుకి ఆయన బెంచీ గురించి చెప్పలేదు. ముందుగా మెట్టవలస సంగతి చెప్పాడు, తన వంతు తప్పుతో సహా. చెప్పి, ఆ సుభద్రమ్మ దగ్గర నేర్చుకో, నా దగ్గర కాదు అన్నాడు.

జ్వరం తగ్గిన ఆ ఏడే, కోతల నాటికి చిన్నతల్లిని చూడ్డానికి ఇద్దరూ వెళ్ళారు. పథ్యం గడువు ఎప్పుడో దాటింది, అయినా జగ్గమ్మ వదలడం లేదట. కోడలు చేటలో బియ్యం చెరుగుతోంది. ఒంటికి కండ పట్టింది. ఇచ్చేసిన నగలూ చీరలూ ఎవరివి వాళ్ళు తెచ్చి ఇచ్చేశారని, ముక్కుపుడక మాత్రం ఎవరికిచ్చిందో తనకే గుర్తులేదని నవ్వుతూ చెప్పింది. అక్క కూర్మమ్మ ఇంకా అక్కడే ఉంది. మర్నాడు సాలూరు వెళ్ళిపోతుందట.

కళ్ళం వైపు నించి పిల్ల పరిగెత్తుకొచ్చి, గుమ్మంలో తట్టుకుని బోర్లా పడింది. మోకాలు కొట్టుకుపోయింది. చిన్నతల్లి చేట వదిలేసి రెండు చేతులూ చాచింది. పిల్ల లేచి, "అమ్మా" అని ఏడుస్తూ, ఆ చేతుల పక్కనించి దూసుకుపోయి కూర్మమ్మ చీర కుచ్చిళ్ళలో మొహం పెట్టుకుంది. కూర్మమ్మ పిల్లని ఎత్తుకోనూ లేదు, తొయ్యనూ లేదు. మొహం గోడవైపు తిప్పుకుంది.

సుభద్రే ముందు తేరుకుంది. "చిన్నపిల్ల కదా చిన్నతల్లీ. పెద్దమ్మని అమ్మా అనడం నాలుగు రోజుల్లో మర్చిపోతుందిలే" అంది.

చిన్నతల్లి చాచిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "మర్సిపోదు డాట్రమ్మా" అంది. "మర్సిపోకూడదని దగ్గర కూకోబెట్టుకుని నేనే నేర్పినాను."